దర్శి మొదలు గిద్దలూరు వరకు: పాడుపడిన తావుల యాత్ర



యాత్ర యనగానే మన స్త్రీలకు తిరుపతి, శ్రీశైలము, కాశి, రామేశ్వరము జ్ఞప్తికి వచ్చును. దేవుడున్న చోటికి పోవుట యాత్ర. చుట్టములున్న చోటికి పోవుట ప్రయాణము. ఈ రెండును గాక, మనుష్యులు విడిచిపోయిన తావులను చూచుటకై బయలుదేరుట మన యిండ్లలో అంతగా వినని మాట. కొంప పాడుపడినచో అటువైపు చూడగూడదని పెద్దలు చెప్పుదురు. కాని యొక యూరు ఏల పుట్టెను, ఏల పెరిగెను, ఏల విడువబడెను అను విషయమును తెలిసికొనినచో, మనము నివసించు నూరు నిలుచుటకు ఏమి కావలెనో కొంతవరకు బోధపడును. ఆ యుద్దేశముతోనే మేము ముగ్గురము స్త్రీలము, అనగా నేను, మా వదినగారు, డెబ్బది యైదేండ్లు దాటిన మా పెద్దమ్మగారు, ఒక కారు మాట్లాడుకొని, మార్గశిరమాసమున రెండుదినములు దర్శి, దొనకొండ, త్రిపురాంతకము, మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములను చూచి వచ్చితిమి. ఆ విశేషములను పాఠకురాండ్రకు నివేదించుచున్నాను.

దర్శి – నీటి కథ

ఈ మెట్టసీమ నేడు మనకు ఒకే ప్రాంతముగా తోచును గాని, చాలకాలము అది పలుచోట్ల చీలియుండెను. దర్శి, పొదిలి తాలూకాలు నెల్లూరు జిల్లాలో వేంకటగిరి జమీందారీకి చేరినవి. మార్కాపురము, కంభము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఇవి ఒంగోలు, అద్దంకులతో గలిసి ఒంగోలు జిల్లా యయ్యెను. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడెను.

దర్శి పాడుపడిన యూరు కాదు; సంతతో, బస్సులతో, బళ్లతో సందడిగా నుండు పట్టణము. అయినను మా యాత్రను అక్కడినుండియే ప్రారంభించుటకు కారణము నీరు. ఇచ్చటి భూగర్భజలములో ఫ్లోరైడు అను లవణము హెచ్చు. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట పండ్లు గారపట్టును. తరువాత కీళ్లు పట్టుకొని, వెన్ను వంగి, ఎముకలు బిగిసిపోవును. ఈ వ్యాధిని 1937లో షార్టు అను వైద్యుడును, ఆయన సహచరులును, నాటి చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములయందు గుర్తించి వైద్యపత్రికలో ప్రకటించిరి. భారతదేశమున ఫ్లోరైడు వ్యాధిని గూర్చిన తొలి వ్రాతలలో అది ముఖ్యమైనది.

నూతిలో నీరు లేనియూరు ఒకవిధముగా కష్టపడును. నీరుండియు అది విషప్రాయమైన యూరు వేరొకవిధముగా కష్టపడును. బిందె మోయునది స్త్రీయే గనుక రెండు కష్టములును మొదట స్త్రీకే తెలియును. నాగార్జునసాగరము కుడికాలువనుండి దర్శి బ్రాంచి కాలువ వచ్చిన తరువాత ఈ ప్రాంతమునకు కృష్ణాజలము కొంత అందినది. ఆ కాలువ గట్టుమీద కారు ఆపించి పెద్దమ్మగారు దోసెడు నీళ్లు కండ్లకద్దుకొని, "ఈ నీళ్లు నా పెళ్లినాటికే వచ్చి వుంటే మా పినతల్లి నడుము వంగేది కాదు" అనిరి. మరి మాటాడక కారెక్కిరి.

దొనకొండ – రైలు పెట్టిన యూరు, రైలు విడిచిన యూరు

దర్శికి పడమటగా పోయినచో దొనకొండ. ఈ పేరు నేటివారికి రెండుకారణములచే తెలిసియుండును. ఒకటి, 2014లో రాష్ట్రవిభజన జరిగినపుడు నూతన రాజధాని ఎచ్చట నుండవలెనను చర్చలో దొనకొండ పేరు గట్టిగా వినవచ్చుట. రెండవది, రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లప్రభుత్వము ఇచ్చట నిర్మించిన విమానాశ్రయము. యుద్ధము ముగిసినది, విమానములు పోయినవి, చదును చేసిన నేల మాత్రము మిగిలినది. ఆ నేలపై మేము చూచినపుడు మేకలు మేయుచుండెను.

అయితే దొనకొండను నిజముగా పెంచినది విమానము కాదు, రైలు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీవారు 19వ శతాబ్ది చివర గుంటకల్లునుండి నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురము, దొనకొండ, గుంటూరుల మీదుగా బెజవాడవైపు మీటరుగేజి మార్గమును వేసిరి. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో గలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే యయ్యెను. ఆవిరియంజనులకు దారిలో నీరు, రాక్షసిబొగ్గు, మరమ్మతు, మారుడ్రైవర్లు కావలెను గదా! అందులకై దొనకొండలో లోకోషెడ్డు ఏర్పడినది. షెడ్డుతో క్వార్టర్లు, క్వార్టర్లతో బడి, అంగళ్లు, వీధులు ఏర్పడినవి. ఆంధ్రులేగాక ఆంగ్లో ఇండియనులు, తమిళులు, కన్నడిగులు కూడ ఇచ్చట కాపురములు చేసిరి.

1990 తరువాత ఈ మార్గము బ్రాడుగేజిగా మార్చబడెను. ఆవిరియంజనుల కాలము అప్పటికే ముగియుచుండెను. డీజిలు ఇంజను దూరము పోగలదు. తరచుగా నీటికై ఆగదు. కావున షెడ్డు మూతపడినది. ఉద్యోగులు గుంటూరు, గుంటకల్లు మొదలగు చోట్లకు బదిలీయైరి. స్టేషను నేటికిని ఉన్నది, బండ్లు ఆగుచున్నవి, ఊరును ఉన్నది. కాని రైల్వేకాలనీలో పెక్కు యిండ్లు పైకప్పు లేక, తలుపులు లేక, గోడలలో రావిమొక్కలు మొలిచి నిలిచియున్నవి. ఎవరును యుద్ధము చేయలేదు, వరద రాలేదు, రోగము రాలేదు. ఇంజను మారినది, అంతే.

మా పెద్దమ్మగారు 1969లో నవవధువుగా ఈ కాలనీలోనే కాపురమునకు వచ్చిరి. పెదనాన్నగారు ఇంజను డ్రైవరు. 1986లో బదిలీపై పోయినవారు మరల ఇటు రాలేదు. కారు దిగి ఆమె వరుసలు లెక్కించుచు నడచిరి. గోడలపై నంబర్లు చెరిగిపోయినవి. ఒక వేపచెట్టును బట్టి తమ యిల్లు గుర్తుపట్టిరి. వంటగది యున్నచోట తుమ్మకంపలు మొలిచియున్నవి. పెరటిలో నేలలో పాతిన రుబ్బురోలు మాత్రము అట్లే యున్నది. అందులో వాననీరు నిలిచియున్నది.

"పెద్దమ్మా, ఇక్కడ మీకు రోజెట్లా గడిచేది?" అని నేనడిగితిని.

"రోజు కాదమ్మాయీ, రాత్రి ఎట్లా గడిచేదో అడుగు" అని ఆమె నవ్విరి. "కాల్‌బాయ్ లాంతరు పట్టుకొని వచ్చి ఏ ఒంటిగంటకో తలుపు కొట్టేవాడు. బండి సిద్ధంగా వుందని చెప్పి పుస్తకంలో సంతకం పెట్టించుకొనేవాడు. అరగంటలో అన్నం వండి, పచ్చడి పెట్టి, మీ పెదనాన్న లైన్‌బాక్సు సర్దేదాన్ని. బండి కూత వినిపించి నంద్యాలవైపు పోయిందాకా కూర్చొనేదాన్ని. ఈ వరుసలో అందరిళ్లల్లోనూ దీపాలే. ఒకరికి ఒకరం కనపడం గాని, ఎవరి మగడు బండిమీద వున్నాడో అందరికీ తెలుసు."

వీధి కొసను ఒక విరిగిన కొళాయి దిమ్మె యుండెను. "ఇక్కడే తగవులాడుకొనేవాళ్లం. ఇక్కడే మళ్లీ కలిసిపోయేవాళ్లం. అరవావిడ నాకు సాంబారు నేర్పింది. నేనామెకు గోంగూర నేర్పాను" అని ఆమె చెప్పిరి. ఆ దిమ్మెను చూచినపుడు నాకొక సంగతి తోచినది. ఊరు పాడుపడినదనగా మనము గోడల సంగతియే చెప్పుదుము. గోడలకు ముందు పోవునది ఇరుగుపొరుగు. అది ఏ రికార్డులోను ఎక్కదు.

లోకములో ఇట్టి యూళ్లు వేరేచోట్లను కలవు. ఆఫ్రికాఖండమున నమీబియా దేశములో కోల్‌మన్‌స్కాప్ అను పట్టణము 1908లో వజ్రములు దొరకుటచే పుట్టి, వజ్రములు తరుగుటచే 1956 నాటికి నిర్జనమయ్యెను. ఇండ్లలోనికి ఎడారి యిసుక వచ్చి చేరినది. మన రామేశ్వరమునకు దగ్గరనున్న ధనుష్కోటి 1964 డిసెంబరు తుపానులో ఒక్కరాత్రిలో నశించెను. ఆ రెండింటిని చూచుటకు దేశదేశములనుండి జనులు పోవుచున్నారు. దొనకొండ కాలనీని చూచుటకు ఎవరును రారు. చూడదగినంత కథ మాత్రము ఇచ్చటను కలదు.

చందవరము – దొంగిలింపబడిన శిల్పము

దొనకొండ స్టేషనునకు వాయవ్యముగా సుమారు 10 కిలోమీటర్ల దూరమున, గుండ్లకమ్మ యొడ్డున చందవరము కలదు. ఊరిదగ్గర సింగరకొండ యను చిన్నకొండపై బౌద్ధుల మహాస్తూపము వెలసియున్నది. 1964లో పురావస్తుశాఖకు చెందిన డాక్టరు వి.వి. కృష్ణశాస్త్రిగారు ఈ స్థలమును గుర్తించిరి. 1972 మొదలు 1977 వరకు నాలుగుపర్యాయములు త్రవ్వకములు జరిగినవి. శాతవాహనుల కాలమున, అనగా సుమారు రెండువేల యేండ్లకు పూర్వము, ఇది గొప్ప బౌద్ధక్షేత్రము. మహాస్తూపముతోపాటు చిన్న స్తూపములు, భిక్షువులు నివసించిన విహారముల పునాదులు, సున్నపురాతిపై చెక్కిన శిల్పఫలకములు బయల్పడినవి.

భిక్షువులేల ఇచ్చటికి వచ్చిరనిన, ఇది నదీతీరము; వర్తకులు, యాత్రికులు దిగువకును ఎగువకును నడచుదారి. వర్తకులు దానమిచ్చిరి, భిక్షువులు విశ్రమించిరి, శిల్పులు చెక్కిరి. కాలక్రమమున దానములు తగ్గినవి, మతాదరము మారినది, క్షేత్రము మట్టిక్రింద పడినది. దొనకొండను ఇంజను విడిచినట్లే, చందవరమును భక్తి విడిచినది.

అంతటితో కథ ముగియలేదు. బయల్పడిన ఫలకములను అక్కడనే యొక చిన్న ప్రదర్శనశాలలో నుంచగా, ఈ శతాబ్ది ఆరంభమున దొంగలు పడి కొన్నింటిని ఎత్తుకొనిపోయిరి. అందులో బుద్ధుని ఆరాధించు జనులను చెక్కిన సున్నపురాతి ఫలకమొకటి సముద్రములు దాటి న్యూయార్కు నగరపు వర్తకురాలి చేతికి చేరినది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాశాలవారు దానిని సుమారు 6 లక్షల డాలర్లకు కొనిరి. తరువాత పరిశోధకులు పాత ఛాయాచిత్రములతో సరిపోల్చి అది చందవరము సొత్తని నిరూపించిరి. 2016 సెప్టెంబరులో కాన్‌బెరా నగరమున జరిగిన సభలో ఆ కళాశాలవారు దానిని భారతప్రభుత్వమునకు అప్పగించిరి.

సోదరీమణులారా, ఈ కథలో గమనింపదగిన దొకటి యున్నది. ఆ ఫలకమును తిరిగి రప్పించినది కత్తియు కాదు, కాసును కాదు, ఒక ఛాయాచిత్రము. పూర్వమెవరో శ్రద్ధతో తీసి భద్రపరచినందుననే "ఇది మాది" అని చెప్పుటకు సాధ్యమైనది. మన యూరి గుడిలోని విగ్రహములకు, వీరగల్లులకు, శాసనములకు ఛాయాచిత్రములున్నవా? నేడు ప్రతి యింటను చేతిఫోను ఉన్నది. పెండ్లికి వేయి ఫోటోలు తీయుదుము. ఆ గుడిముందు నిలుచున్న రాతిని ఒక్కమారు తీసి, తేదీ వ్రాసి యుంచుట కష్టమా?

1972నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లకు మించిన శిల్పమును దేశము దాటించుట నేరము. కొండమీద చిన్నయిటుక ముక్కయైనను "జ్ఞాపకార్థము" ఇంటికి తెచ్చుకొనరాదు. మా వదినగారు ముచ్చటపడి యొక ముక్కను చేతిలోనికి తీసికొనగా, పెద్దమ్మగారు "పెట్టెయ్యి వదినమ్మా! ఎవరింటి గోడో అది" అనిరి. వదినగారు దానిని తీసినచోటనే పెట్టిరి.

త్రిపురాంతకము – రాణి పేరు

అక్కడినుండి ఉత్తరముగా త్రిపురాంతకము పోయితిమి. కొండపై త్రిపురాంతకేశ్వరుడు, దిగువ చెరువుదగ్గర బాలాత్రిపురసుందరి. శ్రీశైలమునకు తూర్పుద్వారమని ప్రసిద్ధి. దర్శనము చేసికొనుటకు భక్తులు నేటికిని వచ్చుచున్నారు గనుక ఇది పాడుపడినది కాదు. కాని ఇచ్చటి రాళ్లమీది వ్రాతలు చదువువారు లేక మౌనముగా నున్నవి.

కాకతీయ రుద్రమదేవి పేరు వినని తెలుగుస్త్రీ యుండదు. ఆమెపై తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుని శాసనము, 1290 నాటిది, త్రిపురాంతకములో కలదు. అందులో నతడు తన విజయములను వర్ణించుకొనెను. ఇటు నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము 1289 నాటికి రుద్రమదేవి మరణించినట్లు తెలుపుచున్నది. ఈ రెండింటిని కలిపి చదివిననే ఆ మహారాణి చివరిదినములెట్టివో చరిత్రకారు లూహింపగలిగిరి. చందుపట్ల రాయి దొరకకముందు ఆమె మరణకాలము సరిగా తెలియదు. ఒక రాజ్యమేలిన స్త్రీ ఎప్పుడు పోయినదో ఏడువందల యేండ్లవరకు మనకు తెలియకపోయెననిన, మన ముత్తవ్వల సంగతి చెప్పవలెనా? శాసనములున్న రాళ్లకు సున్నము కొట్టుట, రంగులు పూయుట, వాటిపై కొబ్బరికాయ కొట్టుట మానవలెనని ఆలయములకు పోవు సోదరీమణులందరిని ప్రార్థించుచున్నాను.

మార్కాపురము – పలక

ఆ రాత్రి మార్కాపురములో బసచేసితిమి. ఉదయమున లక్ష్మీచెన్నకేశవస్వామిని సేవించి, విజయనగరకాలపు స్తంభములను చూచి, పలకల కార్ఖానాలవైపు పోయితిమి. మనలో నలుబదియేండ్లు దాటినవారు అక్షరాభ్యాసము చేసినది బహుశః మార్కాపురము పలకమీదనే. ఈ చుట్టుపట్ల నేలలో పొరలుపొరలుగా విడివడు నల్లరాయి కలదు. దానిని త్రవ్వి, చీల్చి, కోసి, నునుపుచేసి, చట్రము బిగించి పలకలు చేయుదురు. ఇచ్చటినుండి అవి దేశమంతటికిని, విదేశములకును పోయినవి. ఈ పనిలో స్త్రీలు చాలమంది కలరు.

కాగితపు పుస్తకములు, ప్లాస్టికు పలకలు, ఇప్పుడు గాజుతెరల పలకలు వచ్చినవి. రాతిపలకల గిరాకి తగ్గినది. నేలకు, గోడలకు పరచు బిళ్లలుగా ఆ రాయి నిప్పుడు కోయుచున్నారు. పనివారి ఊపిరితిత్తులకు రాతిధూళి హానికరము. నీటితో తడిపి కోసినను, ముక్కుకు గుడ్డ కట్టుకొనినను కొంత మేలు. ఒక పాతగనిగుంట ప్రక్కన విరిగిన పలకముక్కలు కుప్పలుగా పడియుండెను. వానమీద ఎవరి అక్షరమును లేదు. దొనకొండలో ఊరు ముందు ఏర్పడి తరువాత పోయినది. ఇచ్చట ఊరు నిలిచి పని పోవుచున్నది. పనిపోయిన యూరును నిలుపవలెననిన, ఆ రాతికే వేరొక పని చూపవలెను. ఆ ప్రయత్నము చేయుచున్నవారిని మెచ్చుకొనవలెను.

కంభము – నిలిచిన చెరువు

పాడుపడినవానినే చూచుచు మనస్సు బరువెక్కిన మాకు కంభము చెరువు ఊరట కలిగించెను. రెండుకొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కట్ట యిది. ఎత్తు సుమారు 57 అడుగులు. నిండినపుడు నీరు సుమారు 15 చదరపుమైళ్లు పరచుకొనునని పాత గెజెటీరు వ్రాతలు చెప్పుచున్నవి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ నిర్మాణముగా గుర్తించెను.

దీనిని కట్టించినది స్త్రీయని ప్రతీతి. ఉత్కళాధీశుడు ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను శ్రీకృష్ణదేవరాయలకిచ్చి వివాహము చేసెను. ఆమెను వరదరాజమ్మ యని కొందరు, తుక్కాదేవి యని కొందరు అందురు. భర్త ఆదరమునకు దూరమై ఆమె కంభములో నివసించి, ఈ చెరువు కట్టించి, సంస్కృతమున అయిదు శ్లోకములు రచించెనని చెప్పుదురు. వానికి తుక్కాపంచకమని పేరు. ఇది పరంపరగా వచ్చిన కథ. చరిత్ర వేరు, ప్రతీతి వేరు. అయినను ఈ నేలమీది ప్రజలు నాలుగైదు వందల యేండ్లుగా ఇంతపెద్ద కట్టను ఒక స్త్రీ పేరుతో తలచుకొనుచున్నారనుట మాత్రము నిజము.

కట్టమీద నిలిచి పెద్దమ్మగారు చాలసేపు నీటినే చూచిరి. "కోట పోయింది. అంతఃపురం పోయింది. చెరువొక్కటీ వుంది" అనిరి. మా వదినగారు, "ఎందుకంటారు పెద్దమ్మా?" అని అడిగిరి. "చెరువు క్రింద చేనున్నవాడు ప్రతియేడూ కట్ట చూసుకొంటాడు గదమ్మా" అని సమాధానము.

ఆ మాటలో శాస్త్రమంత కలదు. రాజు కట్టించిన కోటకు రాజే కావలి. రాజు పోగానే కావలి పోయినది. చెరువునకు రైతు కావలి. పంట కావలెను గనుక పూడిక తీయుదురు, తూము బాగుచేయుదురు, గండి పూడ్చుదురు. పదిమందికి నిత్యము పనికివచ్చు వస్తువును పదిమందియు కాపాడుదురు. నేడు పూడిక పేరుకొనుటచేతను, ఎగువ వానలు తప్పుటచేతను చెరువు ప్రతియేట నిండుటలేదు. కావలి సడలినచో దీనికిని చందవరము గతి పట్టవచ్చును.

గిద్దలూరు – మునుగబోవు నూళ్లు

కంభమునుండి గిద్దలూరు. అక్కడినుండి దిగువమెట్టదాక నల్లమల యంచున పోయితిమి. ఈ కొండలు దాటించుటకు ఆంగ్లేయులు కట్టిన పాత మీటరుగేజి మార్గములో కొంతభాగము, దొరబావి వంతెనతో సహా, బ్రాడుగేజి మార్పిడిలో విడువబడినది. రైలిప్పుడు బొగద సొరంగముగుండ పోవును. అడవిలోని పాతదారి చూచుటకు అటవీశాఖవారి యనుమతి కావలెను. పులులు తిరుగు తావు. మేము పోలేదు.

తిరుగుదారిలో కొండల నడుమ సందులవైపు చూపి డ్రైవరు "అదే వెలిగొండ ప్రాజెక్టు" అని చెప్పెను. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల యను మూడుచోట్ల కొండలసందులకు ఆనకట్టలు కట్టి, శ్రీశైలము జలాశయమునుండి కృష్ణ వరదనీటిని దాదాపు 19 కిలోమీటర్ల పొడవుగల రెండు సొరంగములద్వారా తెచ్చి నింపవలెనని దీని సంకల్పము. 1996లో శంకుస్థాపన జరిగినది. 43.5 టి.ఎం.సి.ల నీటితో నాలుగులక్షలకు పైగా ఎకరములు తడియుననియు, ఫ్లోరైడు పీడితగ్రామములకు మంచినీరు అందుననియు ప్రణాళిక. జలాశయపు నేలలో నున్న గ్రామములు మాత్రము ముంపులోనివి.

ఇచ్చట మా ముగ్గురికి వాదము కలిగినది. "నీళ్లు రావాలి. దర్శిలో చూశాం గదా" అని వదినగారు. "రావాలి. కాని ఆ ఊరి ఆడవాళ్లకు కొళాయి దిమ్మె ఎవరు కట్టిస్తారు?" అని పెద్దమ్మగారు. ఇరువురి మాటయు న్యాయమే. వంగిన నడుములను నిలుపుటకు నీరు కావలెను. ఆ నీటికై తమ యిండ్లు విడుచువారి త్యాగమునకు తగిన పరిహారము, తగిన యిల్లు, పొలము, బడి, నీరు ముందు కావలెను. పరిహారము లెక్కించునపుడు ఇంటి గోడలకు, చెట్లకు, సెంట్లకు వెల కట్టుదురు. ఇరుగుపొరుగునకు వెల కట్టు పట్టిక లేదు. కావుననే ఒక వీధివారిని క్రొత్తయూరిలోను ఒక వీధిగానే నిలుపుట అవసరము. ఇది డబ్బు ఎక్కువ పట్టు పని కాదు. శ్రద్ధ పట్టు పని.

మునిగిన నేలలు మనకు క్రొత్త కాదు. నాగార్జునసాగరము నిండకముందు, 1954 మొదలు 1960 వరకు, నాగార్జునకొండలోయను త్రవ్వి, స్తూపములను, విహారములను కొండమీదికి తరలించి నిలిపిరి. ఆ కొండయే నేడు దీవి. శ్రీశైలము జలాశయము క్రింద మునుగు ఆలయములను గూడ విప్పి వేరుచోట కట్టిరి. రాళ్లను దాచుట మన ప్రభుత్వములకు తెలియును. మాటలను దాచుట ఇంటివారి పని.

మన కర్తవ్యము

మీ యూరు మునుగనక్కరలేదు, పాడుపడనక్కరలేదు. బదిలీలతో, చదువులతో, పెండ్లిండ్లతో పిల్లలు పోవుచున్నారు. ఊరు మెల్లగా ఖాళీయగుచున్నది. కావున ఒక నోటుపుస్తకము తీసికొని ఈ సంగతులు వ్రాయుడు. మీ వీధిలో ఏయింట ఎవరుండిరి? ఏనూతి నీరు వంటకు, ఏనూతి నీరు ఉతుకుటకు వాడిరి? గ్రామదేవత జాతర ఎప్పుడు? మంత్రసాని ఎవరు? ఏ చెట్టుక్రింద బడి సాగెను? మీ అత్తగారు తిరుగలిదగ్గర ఏ పాట పాడిరి? ఒక్కొక్క ఆదివారము ఒక్కొక్క వృద్ధురాలిని అడిగినచో సంవత్సరములో పుస్తకము నిండును. మా వదినగారు ఇంటికి రాగానే మొదలుపెట్టిరి. పెద్దమ్మగారు చెప్పుచుండగా దొనకొండ కాలనీలోని వారి వరుసలో పదునాలుగిండ్ల పేర్లు ఇదివరకే వ్రాసిరి.

ఈ యాత్ర చేయగోరు సోదరీమణులకు కొన్ని సూచనలు. కార్తికము మొదలు మాఘము వరకు మంచికాలము. వేసవిలో ఎండ తాళలేరు. దర్శి, మార్కాపురము, కంభము, గిద్దలూరులలో భోజనవసతి యున్నది. చందవరము కొండదగ్గర ఏమియు దొరకదు. పులిహోర, పెరుగన్నము, మజ్జిగ, ముఖ్యముగా మంచినీరు వెంట తీసికొనిపోవుడు. పాడుపడిన యిండ్లలోనికి పోకుడు. కప్పులు కూలవచ్చును, పాములుండవచ్చును. బయటనుండియే చూడుడు. పిల్లలను వెంటబెట్టుకొని పోవుడు, ప్రతిచోటను "ఇక్కడ నీళ్లెక్కడివి? పనేమిటి? వీళ్లెందుకు వెళ్లిపోయారు?" అను మూడుప్రశ్నలు వారిచేత నడిగింపుడు. ఈ మూడింటికి సమాధానము వెదకిన పిల్లవాడు చరిత్రను వల్లెవేయనక్కరలేదు.

వీలున్నవారు ఇంటిలోని వృద్ధులను గూడ తప్పక తీసికొనిపోవుడు. వారు నడువలేరని, అలసిపోదురని వెనుదీయకుడు. శాసనము చదువుటకు పండితుడు కావలెను. కొళాయి దిమ్మెను చదువుటకు ఆ నీరు పట్టిన చేయి కావలెను. ఆ చేతులు మన యిండ్లలో నున్నంతవరకే ఆ చదువు సాధ్యము.